వడ్డీ రేటు లెక్కలో చేరని నష్టం

న్యూఢిల్లీ: పార్లమెంటులో సమాధానం దొరకని ప్రశ్నలు అనేకం ఉంటాయి. సమాధానం కాగితం మీద సిద్ధంగా ఉండి కూడా సభ ముందుకు రాని సందర్భాలు మాత్రం అరుదు. 2022 డిసెంబరులో అట్టి సందర్భం ఒకటి వచ్చింది. ఆ సంవత్సరం జనవరి మొదలు వరుసగా మూడు త్రైమాసికాల పాటు వినియోగ ధరల పెరుగుదల చట్టం అనుమతించిన 6 శాతం గరిష్ఠ పరిమితిని దాటిపోయింది. అట్లా దాటినప్పుడు కారణాలేమిటో, చేపట్టదలచిన చర్యలేమిటో, ఎప్పటికి అదుపులోకి రాగలదో వివరిస్తూ రిజర్వు బ్యాంకు కేంద్ర ప్రభుత్వానికి నివేదిక సమర్పించవలసి ఉన్నది. బ్యాంకు నివేదిక సమర్పించింది. దానిని బయట పెడతారా అని లోక్‌సభలో ప్రశ్న వచ్చినప్పుడు, బహిర్గతం చేయడానికి చట్టంలో నిబంధన లేదని ఆర్థిక మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. చట్టం చేసిన సభే ఆ చట్టం ప్రకారం వ్రాసిన కాగితాన్ని చూడలేకపోయింది.

ఆ గోప్యత ఉచితమా, అనుచితమా అన్న చర్చ ఆనాడే జరిగింది. అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి కలదు. ఆ నివేదికను సభలో పెట్టినా అందులో ఒక విషయం ఉండవలసిన అవసరం లేదు. ఎందుకంటే చట్టం దానిని అడగలేదు. ధరలను అదుపు చేయడానికి వడ్డీ పెంచినప్పుడు దేశం ఏ కొత్త యంత్రాన్ని, ఏ కొత్త పద్ధతిని, ఏ కొత్త వస్తువును కోల్పోయింది? ఈ లెక్క రిజర్వు బ్యాంకు వ్రాయదు, ప్రభుత్వం కోరదు, పార్లమెంటు ప్రశ్నించదు.

2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించినప్పుడు దాని పీఠికలో ఒక వాక్యం చేర్చారు. అభివృద్ధి లక్ష్యాన్ని దృష్టిలో ఉంచుకొంటూ ధరల స్థిరత్వాన్ని కాపాడటం ద్రవ్య విధానం ప్రధాన ధ్యేయమని దాని తాత్పర్యం. ధరల స్థిరత్వానికి కొలబద్ద ఇచ్చారు: 4 శాతం, అటు ఇటు 2 శాతం వెసులుబాటు. ఆరుగురు సభ్యుల కమిటీని నియమించారు. తప్పితే సంజాయిషీ వ్రాయించారు. ‘దృష్టిలో ఉంచుకోవలసిన’ అభివృద్ధికి మాత్రం కొలబద్ద లేదు, సంజాయిషీ లేదు. 2025 ఆగస్టులో ఈ విధానాన్ని సమీక్షించడానికి రిజర్వు బ్యాంకు ప్రజల ముందుంచిన చర్చాపత్రం కూడా ఏ సూచీని కొలవాలి, 4 శాతం సరైనదేనా, వెసులుబాటు ఎంత ఉండాలి అన్న ప్రశ్నలే వేసింది. కొలిచేదాని చుట్టూనే చర్చ నడిచింది. కొలవని దాని ప్రస్తావన రాలేదు.

వాషింగ్టన్ నుంచి వచ్చే గాలి

వడ్డీ రేటును మన ఇష్టప్రకారం నిర్ణయించుకొంటున్నామని అనుకోవడం సగం నిజం మాత్రమే. 2022 మే 4వ తేదీన ద్రవ్య విధాన కమిటీ ముందుగా ప్రకటించిన షెడ్యూలులో లేని సమావేశం జరిపి రెపో రేటును 4.00 నుంచి 4.40 శాతానికి పెంచింది. అదే రోజున అమెరికా ఫెడరల్ రిజర్వు తన రేటును అర శాతం పెంచింది. ఆ తరువాత అమెరికా రేటు 2023 జూలై నాటికి 5.25-5.50 శాతం శ్రేణికి చేరుకోగా, మన రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.50 శాతానికి ఎక్కి, రెండేళ్ల పాటు అక్కడే నిలిచిపోయింది. 2025 ఫిబ్రవరిలో గాని దిగడం ఆరంభించలేదు. 2025 డిసెంబరు నాటికి 5.25 శాతానికి వచ్చింది.

ఆనాడు మన దేశంలో ధరలు పెరగలేదని కాదు; ఉక్రెయిన్ యుద్ధం చమురును, వంటనూనెను, గోధుమను కూడ మండించింది. అయితే వాకిళ్లు తెరచిన ఆర్థిక వ్యవస్థకు మరొక నిర్బంధం ఉంటుంది. పెట్టుబడి స్వేచ్ఛగా రావాలి, పోవాలి. మారకపు రేటు నిలకడగా ఉండాలి. వడ్డీ రేటు మన చేతిలో ఉండాలి. ఈ మూడింటిలో రెండే దక్కుతాయి గాని మూడూ దక్కవని మండెల్, ఫ్లెమింగ్ అనే ఆర్థికవేత్తలు 1960లలోనే చూపారు. అమెరికాలో వడ్డీ పెరిగితే అక్కడి నుంచి వచ్చిన డాలర్లు తిరుగుముఖం పడతాయి. 2022 ఆరంభంలో డాలరుకు 75 రూపాయల లోపున ఉన్న విలువ అదే ఏడాది అక్టోబరులో 83 రూపాయలకు చేరింది. రూపాయిని పూర్తిగా జారిపోనిస్తే చమురు బిల్లు పెరిగి ధరలు మళ్లీ మండుతాయి. పట్టి ఉంచాలంటే విదేశ మారక నిల్వలను ఖర్చు చేయాలి, లేదా వడ్డీ పెంచాలి. రిజర్వు బ్యాంకు ఆ రెండూ చేసింది. దానిని తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ మందు ఎవరి గొంతులోకి ఎంత దిగిందన్నదే ప్రశ్న.

ఈ గొలుసు చివరి లంకె కనిపించాలంటే ఢిల్లీ, ముంబయిలను విడిచి ఒక కార్మిక నగరానికి వెళ్లాలి.

బారిడీహ్‌లో ఒకే రేటు, రెండు ముఖాలు

జంషెడ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు కరిగించిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైలెక్కి వెళ్లిన కుటుంబాలు అక్కడ నాలుగైదు తరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నిదర్శనం. నగరానికి తూర్పున, టెల్కో కాలనీకి చేరువలో ఉన్న బారిడీహ్ అట్టి కార్మిక కుటుంబాల పేటలలో ఒకటి. పడమట ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతం. 1972లో దాని అభివృద్ధికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. వెయ్యికి పైబడిన యూనిట్లు అక్కడ వెలిశాయి. వీటిలో అధిక భాగం టెల్కో అని ఊరు నేటికీ పిలిచే లారీల కర్మాగారానికి విడిభాగాలు చేసే అనుబంధ పరిశ్రమలు.

ఈ ఊరి స్థితి ఎరిగినవారికి సులభంగా బోధపడే ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించారు. 1990ల ఆరంభంలో 70 వేలకు పైబడి ఉన్న ఆ కంపెనీ సిబ్బంది 2000ల మధ్యనాటికి సుమారు సగానికి తగ్గారు కనుక, ఇట్టి కుటుంబాలు బారిడీహ్‌లో కొల్లలు. ఆయన చేతికి వచ్చిన సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిటులో ఉన్నది. వడ్డీతో ఇల్లు గడుస్తుంది. కుమారుడు ఆదిత్యపూర్‌లో నాలుగు లేత్‌లు పెట్టి విడిభాగాలు చేస్తున్నాడు. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా ఉన్నది. రిజర్వు బ్యాంకు రేటు పెంచిందన్న వార్త వచ్చిన రోజున తండ్రికి అది ఊరట. కుమారునికి అది భారం. తండ్రికి ఆ ఊరట డిపాజిటు తిరగరాసిన నాడు గాని అందదు. కుమారునికి ఆ భారం అప్పుడే వచ్చి పడుతుంది.

దీనికి కారణం 2019 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఒక నిబంధన. ఆ తేదీ నుంచి సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు బ్యాంకులు చలన వడ్డీపై ఇచ్చే కొత్త ఋణాలను రెపో వంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రేటు తగ్గినప్పుడు ఆ మేలు బ్యాంకులు మింగివేయకుండా ఋణగ్రహీతకు చేరాలన్నది సదుద్దేశం. 2020లో అది ఫలించింది కూడా. అయితే నిచ్చెన దిగడానికి పనికివచ్చినట్లే ఎక్కడానికీ పనికివస్తుంది. కోటి రూపాయల నిర్వహణ ఋణం గల యూనిట్‌కు రెండున్నర శాతం పెరుగుదల అంటే ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలు. డిప్లొమా చదివిన ఒక డిజైను కుర్రవాని ఏడాది జీతం ఇంచుమించు అంత ఉంటుంది. యజమాని కరెంటు బిల్లు ఆపలేడు, ఉక్కు కొనడం మానలేడు, ఉన్న పనివారిని పంపలేడు. ఆపగలిగినది ఒక్కటే: ఇంకా చేర్చుకొనని ఆ కుర్రవానిని చేర్చుకొనకపోవడం, ఇంకా కొనని కొలత యంత్రాన్ని కొనకపోవడం.

నవకల్పన అనగానే మనకు ప్రయోగశాల, పేటెంటు గుర్తుకు వస్తాయి. చిన్న పరిశ్రమలో నవకల్పన అంత ఆడంబరంగా ఉండదు. ఒక డై మార్చి చెత్తగా పోయే లోహాన్ని తగ్గించడం, వేడిచేసే పద్ధతి మార్చి గేరు ఆయుష్షు పెంచడం, చేత్తో చేసే పనికి కంప్యూటరు నడిపే లేత్ పెట్టడం అక్కడి నవకల్పన. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. మధ్యలో అయిదో మెట్టు లేకుండా నాలుగు నుంచి ఆరుకు దూకవలసి వచ్చింది. విద్యుత్ వాహనాలు వస్తున్న కొద్దీ ఇంజను చుట్టూ ఉన్న విడిభాగాలే అవసరం లేకుండా పోతాయి. మారడానికి డబ్బు కావలసిన సమయమది. ఆ సమయంలోనే 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ అప్పులు చెల్లించలేకపోవడంతో ఫైనాన్సు కంపెనీల చేతులు బిగిసి లారీల కొనుగోళ్లు పడిపోయాయి. 2019లో టెల్కోలో విడతల వారీగా ఉత్పత్తి నిలిచింది. ఆదిత్యపూర్ యూనిట్లు షిఫ్టులు తగ్గించాయి. తరువాత కరోనా. దాని తరువాత వడ్డీ పెంపు. మూలిగే నక్క మీద తాటిపండు పడిన చందమైంది.

అదే కాలంలో అదే ఊరిలో పెద్ద కర్మాగారం కొత్త పనులు ఆపలేదు. ఉక్కు కర్మాగారంలో రోజుకు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచే యూనిట్ 2021 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2023లో బ్లాస్టు ఫర్నేసులోనికి హైడ్రోజన్ పంపే ప్రయోగం జరిగింది. అభినందించదగిన కృషి ఇది. పెద్ద కంపెనీకి సొంత మిగులు ఉంటుంది, విదేశాలలో అప్పు తెచ్చే వెసులుబాటు ఉంటుంది, బాండ్లు అమ్మే పేరు ఉంటుంది. చిన్న యజమాని పూచీగా పెట్టగలిగినవి షెడ్డు, యంత్రం, ఇల్లు. బుర్రలో ఉన్న ఆలోచనను ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు. కనుక రిజర్వు బ్యాంకు మీటను ఒక్కసారి నొక్కితే ఏనుగుకు చీమ కుట్టినట్లు, చీమకు ఏనుగు తొక్కినట్లు ఉంటుంది.

పోయిన కాలం తిరిగి రాదు

ఇక్కడ ఆర్థిక శాస్త్రం ఒక మాట అంటుంది: ద్రవ్య విధానం తాత్కాలికంగా ఉత్పత్తిని తగ్గించినా దీర్ఘకాలంలో దాని ప్రభావం ధరల మీదనే గాని దేశం శక్తి మీద ఉండదు. ఈ సూత్రం పాఠ్యగ్రంథాలలో చాలాకాలంగా ఉన్నది. కొత్త సంయోగాలకు మూలధనం సమకూర్చేవాడు బ్యాంకరేనని షుంపీటర్ 1911లోనే వాదించినా ఆ వాదాన్ని వడ్డీ రేటు చర్చలోకి ఎవరూ తీసుకురాలేదు. ఇటీవల ఆ స్థితి మారింది. జోర్డా, సింగ్, టేలర్ అనే ముగ్గురు 17 దేశాల శతాబ్దానికి మించిన గణాంకాలను పరిశీలించి, కఠిన ద్రవ్య విధానం మిగిల్చే నష్టం పదేళ్లు దాటినా పూడదని, ముఖ్యంగా ఉత్పాదకత దెబ్బతింటుందని చూపారు. 2023లో అమెరికాలోని జాక్సన్ హోల్ సదస్సులో మా, జిమ్మర్‌మన్ సమర్పించిన పత్రం, వడ్డీ ఒక శాతం అనూహ్యంగా పెరిగితే పరిశోధనపై వ్యయం 1 నుంచి 3 శాతం దాకా తగ్గుతుందని, ముఖ్య సాంకేతిక రంగాలలో పేటెంట్లు 9 శాతం దాకా తగ్గగలవని అంచనా కట్టింది. వెంచర్ పెట్టుబడి అంతకు మించి పడిపోతుంది.

అమెరికాకే ఈ నష్టం ఉన్నప్పుడు, పరిశోధన, అభివృద్ధిపై జాతీయోత్పత్తిలో సుమారు 0.64 శాతం మాత్రమే వెచ్చిస్తున్న మన దేశం సంగతి వేరే చెప్పాలా? దక్షిణ కొరియా దాదాపు 5 శాతం వెచ్చిస్తున్నది. 2025 అక్టోబరులో మన ధరల పెరుగుదల 0.25 శాతానికి పడిపోయింది. అంటే ఒకప్పుడు పైకి దాటిన గీతను ఇప్పుడు కిందికి దాటాము. రేటు దిగింది, అప్పు చవక అయింది. అయితే 2023లో చేర్చుకొనని కుర్రవాడు ఈపాటికి వేరొక ఊరిలో వేరొక పనిలో ఉంటాడు. అప్పుడు చేయని డై ఇప్పుడు చేసినా, ఆ ఆర్డరు వేరొకరికి పోయి ఉంటుంది. ధర ఎక్కి దిగుతుంది. కాలం ఎక్కదు, దిగదు.

చవక డబ్బే మందు కాదు

అందువల్ల వడ్డీ ఎప్పుడూ తక్కువగా ఉంచాలని వాదించేవారితో ఏకీభవించడం కష్టం. బారిడీహ్‌లో పప్పు, బియ్యం ధర పెరిగితే మొదట బాధపడేది రోజుకూలి. విరమించిన కార్మికుని డిపాజిటు విలువను ధరలు తినివేస్తే ఆయనకు సమ్మె చేసే యూనియను కూడ ఉండదు. ధరల అదుపు పేదవాని పక్షమే.

చవక డబ్బు నవకల్పనకే పోతుందన్న హామీ కూడా లేదు. ప్రపంచమంతటా అప్పు సులభంగా దొరికిన 2007లో టాటా స్టీల్ బ్రిటన్‌లోని కోరస్‌ను సుమారు 6.2 బిలియన్ పౌండ్లకు, అధిక భాగం అప్పు మీద, కొన్నది. దేశమంతా గర్వించింది. మరుసటి ఏడే ప్రపంచ మాంద్యం వచ్చింది. 2024లో పోర్ట్ టాల్బట్‌లోని చివరి రెండు బ్లాస్టు ఫర్నేసులు మూతపడ్డాయి. ఆ కథకు కారణాలు అనేకం. కాని చవక డబ్బు కొత్త కొలిమి కంటె పాత కొలిమిని కొనడానికే త్వరగా కదులుతుందన్న పాఠం అందులో ఉన్నది.

రిజర్వు బ్యాంకు పీఠంపై వరుసగా కూర్చున్న ఇద్దరు తెలుగువారి అనుభవం ఇక్కడ స్మరణీయం. వై. వేణుగోపాల్ రెడ్డి 2003 నుంచి 2008 వరకు డబ్బు వెల్లువలో ఉన్నప్పుడు పగ్గాలు బిగించి, స్థిరాస్తి రంగానికి బ్యాంకు ఋణాలపై షరతులు పెంచి, నాడు విమర్శలు పొందారు. 2008 సంక్షోభం తరువాత ప్రశంసలు పొందారు. ఆయన తరువాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు సంక్షోభంలో రెపోను 9 నుంచి 4.75 శాతానికి దించి, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు 13 పర్యాయాలు పెంచి 8.50కి చేర్చవలసి వచ్చింది. అభివృద్ధి దెబ్బతిన్నదని ఆర్థిక మంత్రులు అసంతృప్తి చెందారు. ఇద్దరూ సమర్థులే. ఇద్దరి చేతిలోనూ ఒకే మీట ఉన్నది. ధరలు, రూపాయి, బ్యాంకులు, పరిశ్రమ, ఇన్నిటినీ ఒక్క మీటతో నడపమనడమే అసలు లోపం.

వెనుకటి తరంలో మరికొన్ని మీటలు ఉండేవి. ఐఎఫ్‌సీఐ 1948లో, ఐసీఐసీఐ 1955లో, ఐడీబీఐ 1964లో ఏర్పడినవి పరిశ్రమలకు దీర్ఘకాలిక ఋణాలు ఇవ్వడానికే. రిజర్వు బ్యాంకు రేటుకు, కర్మాగారపు పెట్టుబడికి నడుమ అవి గోడగా నిలిచాయి. ఆ సంస్థలలో మొండి బకాయిలు, రాజకీయ సిఫారసులు ఉన్న మాట నిజమే. సంస్కరణల తరువాత ఐసీఐసీఐ 2002లో, ఐడీబీఐ 2004లో వాణిజ్య బ్యాంకులుగా మారిపోయాయి. గోడకు చెదలు పట్టిందని గోడనే తీసివేశాం. కొత్త గోడ కట్టలేదు. చిన్న పరిశ్రమల కోసం 1990లో సిడ్బీ వచ్చినా, లేత్ యజమాని నిత్యం చూసేది వీధిలోని బ్యాంకు శాఖనే.

చేయదగినవి

మొదటిది, రావలసిన డబ్బు రావడం. సరుకు అందుకున్న కొనుగోలుదారు 45 రోజులలో చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చెబుతున్నది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ కట్టాలి. 2023 ఫిబ్రవరి నాటి 6.75 శాతం బ్యాంకు రేటు ప్రకారం అది 20.25 శాతం. కాగితం మీద ఇంతకంటె కఠినమైన చట్టం ఉండదు. కాని ఉన్న ఒక్క కొనుగోలుదారుపై ఫిర్యాదు చేసి తరువాత ఎవరికి అమ్ముకోవాలి? 10 లక్షల బిల్లు 90 రోజులు ఆలస్యమైతే 11 శాతం వడ్డీ లెక్కన 27 వేలు చిన్నవాడే భరిస్తాడు. అంటే చిన్నవాడు పెద్దవానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడు. గడువు మీరిన బిల్లును ఫిర్యాదుతో నిమిత్తం లేకుండా పన్ను రికార్డుల ద్వారా గుర్తించి వడ్డీ విధించే ఏర్పాటు కావాలి.

రెండవది, కొత్త యంత్రానికి, కొత్త పద్ధతికి తీసుకొనే ఋణాన్ని రెపో ఊగిసలాట నుంచి విడదీయడం. కేంద్ర మంత్రివర్గం 2025 జూలై 1న లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన నిధిని ఆమోదించింది. దీర్ఘకాలానికి, తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా ప్రైవేటు రంగానికి సొమ్ము ఇవ్వడం దాని ఆశయం. సరైన ఆశయమే. అయితే ప్రయోగశాలలో కొంత పరిణతి పొందిన ప్రాజెక్టులను ఎంచి, ఫండ్ మేనేజర్ల ద్వారా ఇచ్చే ఈ సొమ్ము నాలుగు లేత్‌ల షెడ్డు దాకా దిగదు. దానిలో ఒక భాగాన్ని ఆదిత్యపూర్, మన ఆటోనగర్‌ల వంటి పారిశ్రామిక ప్రాంతాల సంఘాల ద్వారా, స్థిర వడ్డీపై, చిన్న మొత్తాలలో ఇవ్వాలి. 1950 నుంచి జంషెడ్‌పూర్‌లోనే ఉన్న జాతీయ లోహశోధన ప్రయోగశాల వంటి సంస్థలు ఆలోచన బాగున్నదో లేదో చెప్పగలవు. బ్యాంకు మేనేజరు చెప్పలేని మాట అది.

మూడవది, పార్లమెంటు చేయవలసినది. ద్రవ్య విధాన నివేదిక ఏడాదికి రెండుసార్లు వెలువడుతుంది. అందులో చిన్న పరిశ్రమల పెట్టుబడి, యంత్రాల కొనుగోలు, పరిశోధన వ్యయం మీద వడ్డీ మార్పు చూపిన ప్రభావంపై ఒక అధ్యాయం ఉండాలి. ఆర్థిక స్థాయీ సంఘం గవర్నరును పిలిచి దానిపై ప్రశ్నించాలి. రేటు ఎంత ఉండాలో ఎంపీలు నిర్ణయించాలని కాదు. అది నిపుణుల పని. ఆ నిర్ణయానికి మూల్యం ఎంత, ఎవరు చెల్లించారు అని అడగడం ప్రతినిధుల పని. చట్టంలో నిబంధన లేదని ప్రభుత్వం మళ్లీ అంటే, నిబంధన చేర్చే అధికారం ఉన్న సభ అదేనని గుర్తు చేయాలి.

రిజర్వు బ్యాంకు లక్ష్యం తప్పితే ప్రభుత్వానికి ఉత్తరం వ్రాస్తుంది. బారిడీహ్‌లోని యజమాని చేయదలచిన పని చేయలేకపోతే ఎవరికీ ఉత్తరం వ్రాయడు. ఆ పని మానుకొంటాడు. అతడు మానుకొన్న పని ఏ గణాంకంలోనూ నమోదు కాదు. దానిని నమోదు చేయించే బాధ్యత అతని ఓటుతో ఢిల్లీకి వచ్చినవారిది.